ఆకాశవాణి పలకని నిరీక్షణ

వెయ్ వూషియన్ చచ్చాడన్న కబురుకి లోకమంతా పండుగ చేసుకుంది. సత్రాల్లో మద్యం ఏరులై పారింది. ధర్మం నిలిచిందని పెద్దలు మీసం మెలేశారు. దూరాన నక్కి చూసినవాళ్ళు కూడా నలుగురిలో చేరి తామే కత్తి దూసినట్టు చెప్పుకున్నారు. దేహం మాత్రం దొరకలేదు. తాను లేపిన ప్రేతాలే తిరగబడి అతన్ని తునాతునకలు చేశాయన్నారు. పాతికేళ్ళైనా నిండని ఆ కుర్రాడి కోసం ఒక్క దీపం వెలగలేదు, ఒక్క పిండం పడలేదు. ఆ సంబరంలో నోరు విప్పని మనిషి ఒకడున్నాడు. నా ఏడుపు అతని కోసం.

'మో దావ్ జూ షీ' నవల ఈ చావు పండుగతోనే తలుపు తెరుస్తుంది. 2015లో చైనాలోని జిన్‌జియాంగ్ సాహిత్య వేదిక మీద, మోషియాంగ్ తోంగ్‌షియూ అనే కలం పేరుతో ఒక యువ రచయిత్రి దీన్ని అధ్యాయం వెంట అధ్యాయంగా అల్లుకుంటూ పోయింది. సాధకులు కత్తుల మీద నిలబడి మబ్బుల్లో తేలిపోయే లోకం అది. ఏళ్ళ తరబడి ప్రాణశక్తిని కూడగట్టి, నాభి దగ్గర ఒక స్వర్ణగుళికగా గట్టిపరచుకోవడం ఆ లోకంలో సాధన. తావో యోగుల అంతర్రసవాదం నుంచి వచ్చిన ఊహ ఇది. శ్రీశైలం చుట్టూ తిరిగిన రససిద్ధుల కథలు విన్న చెవికి అదేమంత పరాయిది కాదు. ఆ గుళిక ఉన్నవాడు గగనచారి. పోగొట్టుకున్నవాడు రెక్కలు తెగిన పక్షి.

పదమూడేళ్ళు గడిచాక ఆ చచ్చినవాడు మళ్ళీ కళ్ళు తెరుస్తాడు. శంకరుడు అమరుకుడి దేహంలో చొచ్చిన కథ మనకు తెలుసు. అక్కడ యజమాని వెళ్ళిపోయిన ఇంట్లోకి ఒక జ్ఞాని అతిథిగా అడుగుపెట్టాడు. ఇక్కడ మో షువాన్‌యూ అనే అభాగ్యుడు, ఊరంతా పిచ్చివాడని వెక్కిరించిన వాడు, మగవాణ్ణి మోహించాడని ఛీకొట్టించుకున్న వాడు, తన నెత్తుటితో నేల మీద మంత్రవలయం గీసి, తన దేహాన్ని తానే ఒక ప్రేతానికి దానమిచ్చి వెళ్ళిపోతాడు. ప్రతీకారం తీర్చమన్నదొక్కటే కోరిక. అతని ఆత్మ మళ్ళీ ఎక్కడా పుట్టదు. నవల పొడుగునా నాయకుడు నవ్విన ప్రతి నవ్వూ ఆ పేదవాడి పెదవుల మీదే పూసింది. పాఠకులు అతన్ని త్వరగా మరిచిపోతారు. నాకు మనసొప్పక ఇక్కడ ఒక్క కన్నీటి బొట్టు వదిలి ముందుకు వెళుతున్నాను.

ఇక నీ దగ్గరికి వస్తాను, ఆ సంబరంలో నోరు విప్పని లాన్ వాంగ్‌జీ.

గూసూ కొండల్లో, మేఘాలు అరుగుల మీద నిద్రపోయే చోట, మూడువేల పైచిలుకు నియమాలు చెక్కిన రాతి నీడలో పెరిగావు. నవ్వరాదు, పరుగెత్తరాదు, మద్యం ముట్టరాదు, రాత్రి వేళ మీరరాదు. మీ వంశానిది ఆపాదమస్తకం తెలుపు. మీ దేశంలో తెలుపు మృత్యువు ఇంట కట్టే బట్ట. ఎవరో పోయినట్టు ఆ వేషమేమిటని వెయ్ వూషియన్ వేళాకోళం చేస్తాడు. ఎంత కఠినమైన జోస్యమయ్యా అది! మా ఇళ్ళలోనూ తెల్లచీర అంటే ఏమిటో ఆడవాళ్ళకు తెలుసు. పెళ్ళి మంత్రం లేకుండానే, పసుపుతాడు లేకుండానే, ఎవరూ గుర్తించని వైధవ్యాన్ని నువ్వు పదమూడేళ్ళు మోశావు. ఆ తెలుపు నీ కుల గౌరవమనే అందరూ అనుకున్నారు.

మన లాక్షణికులు ఈ దుఃఖానికి చోటు కేటాయించారు. ప్రేయసీ ప్రియుల్లో ఒకరు పరలోకానికి వెళ్ళి, మళ్ళీ దక్కే అవకాశం మిగిలి ఉంటే దాన్ని కరుణ విప్రలంభమన్నారు. దానికి అందరూ చూపించే ఉదాహరణ బాణుడి 'కాదంబరి'. పుండరీకుడు వెన్నెల్లో ప్రాణం విడిస్తే మహాశ్వేత చితికి సిద్ధమవుతుంది. చంద్రమండలం నుంచి ఒక దివ్యపురుషుడు దిగి వచ్చి, అతని దేహాన్ని ఎత్తుకుని పోతూ, తొందరపడకు, మళ్ళీ కలుస్తావు అని మాట ఇస్తాడు. అచ్ఛోద సరస్సు గట్టున ఆ మాటే ఆమెకు అన్నమైంది, నీరైంది. ఆమె కూడా తెల్లనిదే, నీకులాగే ఆమె చేతిలోనూ తీగల వాద్యమే. ఆమెకు ఆకాశం మాట ఇచ్చింది. నీకు ఎవరిచ్చారు, వాంగ్‌జీ? ఏ మబ్బు చీలింది? ఏ దేవత దిగి వచ్చి నీ భుజం తట్టింది? మాట ఇచ్చేవాడు లేడు, మోసుకెళ్ళడానికి దేహమైనా లేదు. అయినా ఎదురుచూశావు. కరుణ అన్న రసం విప్రలంభంగా మారడానికి ఆశ ఉండాలన్నారు శాస్త్రకారులు. ఆశ లేకుండా విప్రలంభాన్ని బతికినవాణ్ణి ఏ గదిలో కూర్చోబెట్టాలో వాళ్ళు రాయలేదు.

ఈ ఎదురుచూపు నీకు పసితనంలోనే అలవాటైంది. మీ అమ్మను ఒక చిన్న ఇంట్లో, నీలిపూల మధ్య, లోకానికి దూరంగా ఉంచారు. నెలకొక్క రోజు నిన్ను లోపలికి పంపేవారు. ఆమె నిన్ను ఉడికించేది, బుగ్గ గిల్లేది. నువ్వు మాట్లాడేవాడివి కావు గాని, ఆ రోజు కోసం మిగిలిన రోజులన్నీ బతికేవాడివి. ఒక నెల, ఇక వెళ్ళక్కర్లేదు, అమ్మ లేదు అన్నారు. లేకపోవడమంటే ఏమిటో తెలియని వయసు. మళ్ళీ నెల అదే తేదీకి వెళ్ళి మూసిన తలుపు ముందు అరుగు మీద కూర్చున్నావు. ఆ పై నెలా వెళ్ళావు. ఏడవలేదు, తలుపు కొట్టలేదు. లోపలినుంచి ఎవరైనా తీస్తారని అలా కూర్చున్నావు. మీ అన్న ఈ సంగతి ఎంతో కాలం తరవాత వెయ్ వూషియన్‌కు చెబుతాడు. అక్కడికి వచ్చేసరికి నేను పుస్తకం మూసి, ఆ నీలిపూల గాలి నా ముఖానికి తగిలినట్టై, చాలాసేపు కళ్ళు తుడుచుకుంటూ ఉండిపోయాను. తలుపులు తెరుచుకోవని తెలిసినా కూర్చునే విద్య నేర్చిన బిడ్డకు ముందు ముందు ఏం రాసి ఉందో అక్కడే కనిపించింది.

ఆ తరవాత అతను వచ్చాడు. మద్యం జాడీలు చంకన పెట్టుకుని, రాత్రి వేళ గోడ దూకి, నీ మూడువేల నియమాల మీదికి వసంతంలా వచ్చి పడ్డాడు. యున్‌మెంగ్ తామర సరస్సుల మీద పెరిగిన పిల్లవాడు. హూబెయ్ సీమలో ఇప్పటికీ ఇంటింటా తామర దుంపలు, పంది పక్కటెముకలు కలిపి గంటల తరబడి సన్నని సెగ మీద సూపు కాస్తారు. ఆ సూపు తాగి, ఆ నీళ్ళలో ఈది, ఎంత పోగొట్టుకున్నా నవ్వడం మరవని వాడు. అతను నిన్ను ఆటపట్టించిన కొద్దీ నువ్వు రాయివయ్యావు. ఆ రాతి కింద ఏ ఊట పొంగిందో ఎవరికీ వినిపించలేదు.

వినిపించిన చోటు ఒక్కటే. భూగర్భంలో, రాక్షస కూర్మం చచ్చి పడి ఉన్న చల్లని గుహలో, మీ ఇద్దరే మిగిలారు. ఒక పిల్ల ముఖానికి తగలబోయిన కాల్చే ముద్రను తన ఛాతీ మీద పట్టిన వెయ్ వూషియన్ జ్వరంతో మండుతున్నాడు. ఊసుపోక, ఒక పాట పాడవూ అన్నాడు. నువ్వు పాడావు. నోరు తెరవడమే బరువైన నువ్వు, గొంతు సవరించి, ఇంకెవరూ వినని ఒక బాణీ ఎత్తుకున్నావు. బాగుంది, దీని పేరేమిటి అని అడిగాడు. నువ్వు చెప్పావు. అప్పటికే అతని స్పృహ జారిపోయింది. నీ జీవితంలో చేసిన ఒకే ఒక్క నివేదన, మీ ఇద్దరి పేర్లు ముడివేసిన ఆ రెండక్షరాలు, గుహ రాళ్ళు తాగేశాయి.

ఇంకొక రోజు యీలింగ్ బజారులో. శ్మశానగిరుల మీద, ఓడిన శత్రువులైన వెన్ వంశంలో మిగిలిన ముసలివాళ్ళనీ రోగులనీ దగ్గర పెట్టుకుని, ఎముకలు పూడిన నేలలో దుంపలు పండించుకుని బతుకుతున్నాడు వెయ్ వూషియన్. ఆ ముసలివాళ్ళ మధ్య ఒక చంటివాడు, ఆ-యువాన్. వాడు జనంలో తప్పిపోయి వచ్చి నీ కాలు పట్టుకుని వదలక ఏడుస్తుంటే, చుట్టూ చేరినవాళ్ళు, పసివాణ్ణి ఇలా ఏడిపిస్తావా, నువ్వేం తండ్రివయ్యా అని నీ మీద పడ్డారు. మహాసాధకుడివి, కత్తి పట్టే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొయ్యలా నిలబడ్డావు. తరవాత వాడు చూసి ముచ్చటపడిన బొమ్మలన్నీ కొనిచ్చావు. గడ్డితో అల్లిన సీతాకోకచిలుకలు, కొయ్య కత్తులు. ఆ పూట ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. నవల మొత్తంలో నాకు అన్నిటికంటే భరించరానిది ఆ పూట. అది ఒక సంసారం. దానికి ఇల్లు లేదు, పేరు లేదు, రేపు లేదు. అన్నం పూర్తి కాకముందే ప్రమాద సంకేతం వచ్చింది, బల్ల మీద గిన్నెలు అలాగే మిగిలాయి.

ఆ పైన అంతా రక్తమే. అతను పెరిగిన ఇంటి అక్క యాన్లీ అతని మీద పడబోయిన కత్తికి అడ్డు వెళ్ళి ఒరిగిపోయింది. మతి చెదిరిన అతన్ని ఆ నరమేధం మధ్య నుంచి ఎత్తుకుపోయి, ఒక గుహలో కూర్చోబెట్టి, చేతులు పట్టుకుని నీ ప్రాణశక్తిని అతనిలోకి పంపుతూ, ఎన్నడూ లేనంతగా మాట్లాడావు. నువ్వేమన్నావో రచయిత్రి మనకు వినిపించలేదు. చెప్పిన ప్రతి మాటకూ అతని నోట వచ్చింది పొమ్మన్న కసురు ఒక్కటే. అయినా పోలేదు. పట్టుకోవడానికి వచ్చిన మీ వంశపు పెద్దలు 33 మంది మీద, నిన్ను ఒళ్ళో ఆడించిన వాళ్ళ మీద, కత్తి ఎత్తావు. 33 కొరడా దెబ్బలు నీ వీపు మీద పడ్డాయి. ఆ కొరడా చేసిన గాయం మానుతుందే కాని మచ్చ ఎన్నటికీ పోదు. మూడేళ్ళు లేవలేకపోయావు. నువ్వు మంచాన ఉండగానే అతను పోయాడన్న మాట నీ చెవిన పడింది.

హాన్‌యాంగ్‌లో గుచిన్ అనే ఏడు తీగల వాద్యం పేరిట ఒక ప్రాచీన వేదిక ఉంది. బోయా అనే వైణికుడు, తన సంగీతం ఎరిగిన జోంగ్ జీ చీ చనిపోతే, వినేవాడు లేని వాద్యమెందుకని గుచిన్‌ను నేలకేసి కొట్టాడని అక్కడ తలుచుకుంటారు. చైనా స్నేహగాథలన్నిటికీ తలమానికమది. నువ్వు నీ ఏడు తీగల వాద్యాన్ని పగలగొట్టలేదు. వీపున ఆ మచ్చల మీదనే మోసుకుని ఊరూరా తిరిగావు. ఏ కుగ్రామంలో ఏ చిన్న దయ్యం పట్టిందన్నా, పేరు రాని పనైనా, నువ్వు వెళ్ళావు. లోకం నిన్ను ధర్మమూర్తి అని పొగిడింది. నాకైతే నెలకొక్కసారి తలుపు ముందు కూర్చున్న ఆ పసివాడే కనిపిస్తాడు. ఇప్పుడు లోకంలో ప్రతి గడపా నీకు ఆ తలుపే.

ఒక్క రాత్రి కట్ట తెగింది. అతను తాగిన గూసూ మద్యమే తెచ్చి, ఆ రుచి ఎలా ఉంటుందో చూద్దామని తాగావు. ఒక్క గుక్కకే తెలివి తప్పే నువ్వు మీ భాండాగారంలోకి దూరి వెతికావు. ఏం కావాలని అన్న అడిగితే పిల్లనగ్రోవి అన్నావు. కావలసిన వేణువు దొరకలేదు. శత్రువుల కాల్చే ముద్ర చేతికి దొరికింది, గుహలో అతని ఛాతీ మీద పడిన ముద్ర. దాన్ని కాల్చి, అదే చోట, నీ ఛాతీ మీద వేసుకున్నావు. అతని శరీరం లోకంలో ఎక్కడా లేకుండా పోయాక, దాని మీది గాయాన్నైనా దాచుకోవాలనుకున్నావు. ఇంతటి పిచ్చిని మన భక్తికవులు అర్థం చేసుకునేవారు. శాపంలో పడినవాళ్ళూ వరంలో మునిగినవాళ్ళూ ఒకేలా కాలిపోతారని వాళ్ళకు తెలుసు.

అందుకే దాఫాన్ కొండ మీది ఆ రాత్రి నా గుండె పట్టనంత పెద్దది. ఎవరిదో దేహంలో, ఎవరిదో ముఖంతో వచ్చిన వెయ్ వూషియన్, అప్పుడే వెదురు నరికి చేసుకున్న గరుకు వేణువు మీద, ఎక్కడ విన్నాడో తనకే గుర్తులేని ఒక బాణీ ఊదుతూ వెనక్కి అడుగులు వేస్తాడు. వేస్తూ వేస్తూ ఎవరికో తగులుతాడు. గంధపు చెక్క వాసన. మణికట్టు మీద ఒక పట్టు. ఆ పాట నువ్వు ఇంకెవరికీ వినిపించలేదు కదా! మహాశ్వేతకు ముందే దక్కిన ఆకాశవాణి నీకు పదమూడేళ్ళు ఆలస్యంగా, అపస్వరాలతో, పచ్చి వెదురులోంచి వచ్చింది.

ఈ కథ చదివి ఇంత ఏడ్చాక, ఈ కథకే జరిగినదానికి ఏడవకుండా ఎలా ఉండను? 2019 జూన్‌లో ఇది 'చెన్ చింగ్ లింగ్' అన్న 50 భాగాల ధారావాహికగా తెర మీదికి వచ్చింది. షియావ్ జాన్, వాంగ్ యీబో ఆ ఇద్దరి పాత్రల్లో వెలిగారు. పదమూడేళ్ళు పదహారయ్యాయి. ప్రేమ అన్న మాట ఎక్కడా వినిపించలేదు. ముద్దు లేదు, నివేదన లేదు. చూపుల్లోనూ చేతి అంచుల్లోనూ దాచుకుని, ప్రాణస్నేహితులన్న ముసుగు కప్పుకుని ఆ ప్రేమ గడప దాటింది. అయినా కోట్ల మందికి అర్థమైంది. లాన్ వాంగ్‌జీ లాగే ఆ కథకూ చెప్పకుండా ప్రేమించడం నేర్పారు. 2021లో అక్కడి ప్రసార శాఖ ఇలాంటి నవలల చిత్రీకరణల మీద నిషేధపు తలుపు మూసింది. ఇదే రచయిత్రి రాసిన 'తియాన్ గువాన్ త్సీ ఫూ' ఆధారంగా నటులతో తీసిన ధారావాహిక పూర్తయ్యీ వెలుగు చూడలేదు. హాన్ చక్రవర్తి ఆయ్ తన అంగీ చేతి మీద నిద్రపోతున్న దోంగ్ షియాన్‌ను లేపడం ఇష్టం లేక ఆ అంగీ చేతినే కత్తిరించుకున్న ముచ్చటను వాళ్ళ చరిత్రకారులు రెండువేల ఏళ్ళ నాడు దాచకుండా రాసిపెట్టారు. ఆ దేశంలోనే ఇప్పుడు ఈ మౌనం.

రాసినవాళ్ళ గతి ఇంకా దారుణం. 2018లో అన్‌హుయ్ ప్రాంతంలో ఒక రచయిత్రికి ఇటువంటి శృంగార నవల అమ్మినందుకు పదేళ్ళ ఆరు నెలల శిక్ష వేశారు. 2024, 2025ల్లో మళ్ళీ పోలీసులు తలుపులు తట్టారు. వాళ్ళలో చాలామంది ఇరవైల్లో ఉన్న ఆడపిల్లలు. రాత్రిళ్ళు మేలుకుని, తమ పేరు చెప్పుకోలేక, ఇద్దరు మగవాళ్ళ ప్రేమలో తమకు దక్కని సమానత్వాన్ని, తమకు దక్కని ఆరాధనను రాసుకున్నవాళ్ళు. ఆ కొరడా గూసూ కొండల మీద మాత్రమే ఉందనుకున్నాను. లేదు. మన దగ్గర 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు స్వలింగ ప్రేమను నేరమన్న 377 సెక్షన్ సంకెల తెంచింది కాబట్టి తెలుగు పాఠకురాలినైన నేను ఇవి బాహాటంగా రాయగలుగుతున్నాను. అయినా 2023 అక్టోబరులో అదే కోర్టు అలాంటి జంటలకు పెళ్ళి హక్కు ఇవ్వలేనంది. యీలింగ్ బజారులో ఆ ముగ్గురూ కూర్చున్న బల్ల మన ఊళ్ళలోనూ ఉంది. అక్కడా పేరు లేని సంసారాలు కూర్చుని లేస్తున్నాయి.

నవలలో మాత్రం ఆ మాట చివరికి బయటపడింది. బయటపడిన తీరు తలుచుకుంటే ఏడుస్తూనే నవ్వు వస్తుంది. యున్‌పింగ్ నగరంలో గువాన్‌యిన్ గుడి, బయట కుండపోత వాన, చుట్టూ శత్రువులు, బంధువులు, పిల్లలు. వెయ్ వూషియన్ మెడ మీద ప్రాణం తీసే వాద్యపు తీగ. అతను బతకాలని వాంగ్‌జీ కత్తి దించి, తన శక్తికి తానే బంధనం వేసుకున్నాడు. అప్పుడు, సిగ్గూ ఎగ్గూ లేకుండా, గొంతు చించుకుని, నువ్వంటే నాకిష్టమని, నువ్వు తప్ప ఇంకెవరూ వద్దని అరిచాడు వెయ్ వూషియన్. గుహలో రాళ్ళు తాగేసిన మాటకు ఒక గుడి నిండా సాక్షుల ముందు జవాబు వచ్చింది.

అదే గుడిలో, అదే రాత్రి, ఇంకొకడున్నాడు. జియాంగ్ చెంగ్. వెయ్ వూషియన్‌తో అన్నదమ్ముల్లా పెరిగినవాడు, శ్మశానగిరుల మీదికి దండు నడిపినవాడు, పాఠకులు చాలామంది తిట్టుకునేవాడు. అతని స్వర్ణగుళికను శత్రువులు కరిగించేస్తే, వెయ్ వూషియన్ తన కడుపు చీల్పించుకుని, రెండు రాత్రులూ ఒక పగలూ స్పృహలోనే ఉండి, తన గుళిక తీసి అతనికి పెట్టించాడు. ఆ సంగతి ఎన్నడూ చెప్పలేదు. అది తెలిసిన జియాంగ్ చెంగ్ ఆ రాత్రి గుడిలో కుప్పకూలి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అంగీ చేతిలోంచి ఒక వేణువు తీసి విసిరాడు. పదమూడేళ్ళుగా దాచిన చెన్‌చింగ్, చచ్చినవాడి వేణువు. వాంగ్‌జీ తాగిన మత్తులో వెతుకులాడింది ఆ వేణువు కోసమేనేమో. అది ఇంకొక ఎదురుచూపు దగ్గర ఉండిపోయింది.

అతను చెప్పని మాట కూడా ఒకటుంది. తల్లిదండ్రుల శవాల కోసం వెనక్కి వెళ్ళి పట్టుబడ్డాడని అందరూ అనుకున్నారు. నిజానికి ఆ రోజు వెయ్ వూషియన్ బజారులో తిండి కొంటుంటే వెన్ భటులు అటే రావడం చూసి, వాళ్ళని తన వైపు లాగడానికి వీధిలోకి పరుగెత్తాడు. ఆ పరుగులోనే పట్టుబడ్డాడు, గుళిక పోగొట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు తమ బంగారాన్ని పోగొట్టుకున్నారు. ఒకరిది తెలిసింది, ఇంకొకరిది తెలియలేదు. చివరి పుటల్లో ఆ మాట అతని నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది.

తల్లీ, మోషియాంగ్ తోంగ్‌షియూ, నీ నవలంటే నాకు ప్రాణం. నీ మీద ఈ ఒక్క ఫిర్యాదు చేయకుండా ఉండలేను. వాంగ్‌జీకి పదమూడేళ్ళకైనా జవాబు ఇచ్చావు. అనుబంధ కథలు రాశావు, కుందేళ్ళకూ తామర కాయలకూ కూడా చోటిచ్చావు. ఒక్క పూట ఆ అన్నదమ్ములిద్దరినీ యున్‌మెంగ్ రేవులో ఎదురెదురుగా కూర్చోబెట్టి, మధ్యన వాళ్ళ అక్క కాచినట్టు కాచిన సూపు ఒక గిన్నె పెట్టి, ఆ రోజు నేను వీధిలోకి ఉరికింది నీ కోసమేరా అని ఆ పిచ్చివాడి చేత ఒక్కసారి అనిపించి ఉంటే నీ సొమ్మేం పోయేది?